కొత్త బండి, ఇంకా రాని ప్లేటు: మధ్య రోజుల్లో ఏం తెలుసుకోవాలి

షోరూము బయట కొత్త బండి నిలబెట్టి ఉంటుంది. హ్యాండిల్‌కి పూలదండ, హెడ్‌లైటు మీద కుంకుమ బొట్టు, చక్రాల కింద రెండు నిమ్మకాయలు. సేల్స్‌మన్ తాళాలు చేతిలో పెట్టి ఫొటో తీసి, ఓ ప్లాస్టిక్ ఫైలు అందిస్తాడు. "నంబరు ప్లేటు ఎప్పుడొస్తుందన్నా?" అని అడిగితే "మెసేజ్ వస్తుందన్నా, అప్పటిదాకా టీఆర్ మీద తిప్పుకోండి" అంటాడు (టీఆర్ అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్). ఆ మాట విని నిమ్మకాయలు తొక్కించి ఇంటికి బయల్దేరతాం. ఫైలు బీరువాలోకి వెళ్తుంది. మళ్లీ దాని మొహం చూసేది చెకింగ్‌లో ఎవరైనా ఆపినప్పుడే.

"ప్లేటు రావడం" అని మనం ఒక్క మాటలో అనేసేది నిజానికి మూడు వేర్వేరు పనులు. రవాణా శాఖ బండిని తన రికార్డులోకి ఎక్కించుకుని పర్మనెంట్ నంబరు ఇవ్వడం ఒకటి. ఆ నంబరుతో ఆర్సీ రావడం రెండోది. ఆ నంబరు అచ్చొత్తిన ప్లేటు తయారై బండికి బిగించడం మూడోది. ఈ మూడూ ఒకే రోజు జరగాలని లేదు. వీటిలో ఏది ఆగితే ఏం నష్టమో కూడా ఒకేలా ఉండదు. ఆర్సీ కార్డు నాలుగు రోజులు ఆలస్యమైతే కొంప మునిగేదేమీ లేదు. మొదటి పని ఆగిపోయి, ఈలోగా టీఆర్ గడువు దాటిపోతే మాత్రం బండి విలువ మొత్తం మన జేబులోంచే పోయే ప్రమాదం ఉంది. చాలామంది దీన్ని తలకిందులుగా పట్టుకుంటారు. ప్లేటు రాలేదని కంగారు పడతారు కానీ, టీఆర్ తేదీని పట్టించుకోరు.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 39వ సెక్షన్ దీనికి మూలం. రిజిస్టర్ కాని బండిని ఎవరూ రోడ్డు మీద నడపకూడదు, యజమాని నడపనివ్వకూడదు. అక్కడితో ఆగలేదు. రిజిస్టర్ అయిన నంబరు నిర్ణయించిన పద్ధతిలో బండి మీద కనపడుతూ ఉండాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. అంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, అది కనపడాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయడానికి వీల్లేదు. ఇందులో డీలరుకు మాత్రం మినహాయింపు ఉంది. అమ్మకానికి పెట్టిన బండ్లను పరీక్షించడానికీ, రవాణా శాఖ ఆఫీసుకు తీసుకెళ్లడానికీ, కొన్నవారికి చేర్చడానికీ ఆయనకు ట్రేడ్ సర్టిఫికెట్ ఉంటుంది. ఎర్ర పలక మీద తెల్ల అక్షరాలతో కనపడేది ఆ నంబరే. దాన్ని తగిలించుకుని కొన్నవాళ్లు ఊరంతా తిరగడానికి కుదరదు. ఆ మినహాయింపు బండికి కాదు, వ్యాపారానికి.

కొన్నవాళ్ల కోసం ఉన్నది 43వ సెక్షన్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్. మన నోళ్లలో టీఆర్. చాలాకాలం పాటు చట్టంలోనే దీని గడువు ఒక్క నెల అని రాసి ఉండేది. 2019 సవరణ తర్వాత గడువు సంగతి నియమాలకు వదిలారు. రాష్ట్రం లోపలే తిరిగే బండికి రాష్ట్ర ప్రభుత్వం నెల రోజులకు ఇవ్వవచ్చన్న వీలు మాత్రం ఉంచారు. కాబట్టి పక్కింటాయనకు ఎన్ని రోజులిచ్చారు, పోయినసారి మన బండికి ఎన్ని రోజులిచ్చారు అన్న లెక్కలు పెట్టుకోవద్దు. మీ టీఆర్ కాగితం మీద "చెల్లుబాటు" అని ఉన్న చోట ఏ తేదీ ఉందో అదే లెక్క.

టీఆర్ అంటే రిజిస్ట్రేషన్ లేకపోవడం కాదు. గడువున్నంత కాలం అది నిఖార్సయిన రిజిస్ట్రేషనే. ఇంతకుముందు షోరూములు "ఫర్ రిజిస్ట్రేషన్" అనో, "ఏ/ఎఫ్" అనో స్టిక్కరు అంటించి పంపేవి, కొన్ని ఇప్పటికీ పంపుతున్నాయి. అలాంటి గుర్తు చట్టంలో ఎక్కడా లేదు. దరఖాస్తు పెట్టాం అని చెప్పుకోవడం వేరు, నంబరు ఉండటం వేరు. టీఆర్ ఇచ్చినప్పుడు దానికీ ఒక నంబరు ఉంటుంది, దాన్ని బండి మీద చూపించాలి. తాత్కాలిక నంబరు పసుపు పలక మీద ఎర్ర అక్షరాలతో ఉండాలని 2020లో కేంద్రం స్పష్టంగా చెప్పింది. కాగితం మీద ప్రింటు తీసి టేపుతో అతికించడం ప్లేటు కిందికి రాదు. మొదటి వానకే అది చిరిగి పోతుంది, అప్పుడు బండికి ఏ నంబరూ లేనట్టే.

ఇదంతా ఎందుకింత పట్టింపు అని అనిపించవచ్చు. రోడ్డు మీద బండికి ఉన్న ఏకైక పేరు ఆ నంబరే. ఎవరినో గుద్ది పోయిన బండిని గుర్తుపట్టాలన్నా, మెడలో గొలుసు తెంపుకుని పోయినవాడిని సీసీ కెమెరాలో వెతకాలన్నా ఆధారం అదొక్కటే. నంబరు లేని కొత్త బండి కనపడితే పోలీసులు ఆపేది అందుకే. ఆపినప్పుడు మన దగ్గర టీఆర్ కాగితం ఉంటే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. లేకపోతే, 207వ సెక్షన్ కింద 39ని ఉల్లంఘించిన బండిని స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకుంది. ఇక జరిమానా మాటకొస్తే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయలు. మళ్లీ దొరికితే 5,000 నుంచి 10,000, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. ఒక్క మినహాయింపు ఉంది. జబ్బు చేసినవారినో, దెబ్బ తగిలినవారినో తీసుకెళ్లడం లాంటి అత్యవసరంలో వాడితే ఈ సెక్షన్ వర్తించదు. అయితే ఏడు రోజుల్లోగా ఆ విషయం రవాణా అధికారులకు తెలియజేయాలి.

అసలు భయపడాల్సింది జరిమానాకు కాదు, ఇన్సూరెన్సుకు. కాస్త నింపాదిగా చూడాల్సిన సంగతి ఇది.

2011లో రాజస్థాన్‌కు చెందిన ఒకాయన పంజాబ్‌లో కొత్త బొలెరో కొన్నాడు. టీఆర్ తీసుకున్నాడు, ఇన్సూరెన్సూ చేయించాడు. పాలసీ విలువ ఆరు లక్షల పైచిలుకు. టీఆర్ గడువు జూలై 19తో అయిపోయింది. జూలై నెలాఖరులో ఆయన పని మీద జోధ్‌పూర్ వెళ్లి, గెస్ట్‌హౌస్‌లో దిగి, బండి బయట పెట్టాడు. 28వ తేదీ పొద్దున లేచి చూస్తే బండి లేదు. పోలీసు కేసు పెట్టాడు, బండి దొరకలేదు. ఇన్సూరెన్సు కంపెనీ మాత్రం, దొంగతనం జరిగిన రోజు బండికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి డబ్బు ఇవ్వం అంది. కేసు వినియోగదారుల కమిషన్లు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 సెప్టెంబరు 30న కోర్టు కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది.

బండి రోడ్డు మీద నడుస్తుండగా పోలేదు కదా, ఆగి ఉంటే దొంగలు ఎత్తుకెళ్లారు కదా, రిజిస్ట్రేషన్‌కూ దొంగతనానికీ సంబంధమేంటి? మామూలు మనిషికి వచ్చే ప్రశ్నే ఇది. కోర్టు చూసింది వేరే కోణం. ఆ బండి జోధ్‌పూర్ దాకా గాల్లో రాలేదు, రోడ్డు మీదే నడిచి వచ్చింది, అప్పటికే టీఆర్ చెల్లదు. అంటే 39, 192 సెక్షన్ల ఉల్లంఘన జరిగింది. నష్టం జరిగిన నాటికి పాలసీ మూల షరతునే తప్పి ఉన్నప్పుడు డబ్బు ఇవ్వనక్కర్లేదని కంపెనీ అనవచ్చు. కోర్టు ఇంకో మాట కూడా గమనించింది. ఆయన పర్మనెంట్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టినట్టు గానీ, దాని కోసం ఎదురుచూస్తున్నట్టు గానీ రికార్డులో ఏమీ లేదు. మనం ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సింది ఈ మాట చదివాకే. దరఖాస్తు పెట్టిన రసీదు, ఫీజు కట్టిన తేదీ ఇవన్నీ మామూలు కాగితాల్లా కనపడతాయి. ఒకనాడు అవే మన తరఫున మాట్లాడాల్సి రావచ్చు.

2014లోనూ ఇలాంటిదే ఒక తీర్పు వచ్చింది. అందులో దొంగతనం కాదు, ప్రమాదం. నెల రోజుల టీఆర్ 2006 జనవరి 11తో ముగిసింది, ఫిబ్రవరి 2న యాక్సిడెంట్ అయింది. మధ్యలో మూడు వారాలు. బండికి జరిగిన నష్టం క్లెయిము అక్కడా నిలబడలేదు. రెండు కేసుల్లోనూ యజమానులు ఇన్సూరెన్సు ప్రీమియం కట్టినవాళ్లే, మోసం చేసినవాళ్లు కాదు. తేదీ ఒక్కటే దాటింది. బైకు కూడా ఇదే చట్టం కిందికే వస్తుంది కాబట్టి మనం వేరు అనుకోవడానికి లేదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మా తమ్ముడు బండి కొన్నప్పుడు టీఆర్ గడువు దగ్గర పడుతున్నా షోరూము నుంచి ఉలుకూ పలుకూ లేదు. ప్లేటు తయారవుతోందేమో అనుకున్నాం. గడువుకు మూడు రోజుల ముందు వెళ్లి అడిగితే, దరఖాస్తులో ఒక సంతకం తగ్గిందనీ, అందుకే ఫైలు అసలు కదల్లేదనీ చెప్పారు. అంటే ప్లేటు కాదు, నంబరే మొదలు కాలేదు. మేం వెళ్లకపోయి ఉంటే నాలుగో రోజు నుంచి వాడు రోజూ రిజిస్ట్రేషన్ లేని బండి మీదే ఆఫీసుకు వెళ్లేవాడు, ఆ సంగతి వాడికే తెలియకుండా. షోరూమువాళ్లకు దురుద్దేశం ఏమీ లేదు, వందల ఫైళ్లలో ఒకటి కింద పడిపోయింది. కానీ దాని బరువు మోయాల్సి వచ్చేది మాత్రం బండి కొన్నవాడే.

నిజానికి చట్టం ఆశించేది ఇలా జరగకూడదనే. 2019 సవరణ ప్రకారం, డీలరున్న రాష్ట్రంలోనే బండి రిజిస్టర్ అవుతుంటే దరఖాస్తు పెట్టాల్సింది డీలరే. ఆ బండికి రిజిస్ట్రేషన్ నంబరు పెట్టి చూపించేదాకా కొన్నవారి చేతికి ఇవ్వనే కూడదు. అధీకృత డీలరు అమ్మిన కొత్త బండిని మొదటి రిజిస్ట్రేషన్‌కు ఆఫీసుకు తీసుకెళ్లి చూపించనక్కర్లేదని కూడా అదే సవరణ చెప్పింది. దరఖాస్తు పెట్టని యజమానికి ఏడాది పన్నుకు అయిదు రెట్లు లేదా లైఫ్ ట్యాక్సులో మూడో వంతు, ఏది ఎక్కువైతే అది జరిమానా. అదే తప్పు డీలరు చేస్తే ఏడాది పన్నుకు పదిహేను రెట్లు లేదా మొత్తం లైఫ్ ట్యాక్సు, ఏది ఎక్కువైతే అది. ఈ తేడాను బట్టి చట్టం దృష్టిలో బాధ్యత ఎవరిది ఎక్కువో తెలుస్తోంది. కాబట్టి షోరూములో నంబరు గురించి గట్టిగా అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అది మీ హక్కు, వాళ్ల పని.

మరి ప్లేటు లేకుండానే ఇన్ని బండ్లు బయటికెలా వస్తున్నాయి? అందులో మన వంతూ ఉంది. దసరా అనో, ఫలానా పంచమి మంచిరోజనో పట్టుబట్టి ఆ రోజే డెలివరీ కావాలంటాం. మూఢం రాకముందే బండి ఇంటికి చేరాలంటాం. ఫ్యాన్సీ నంబరు కోసం వేలం దాకా ఆగుతాం, ఆ ఆగిన రోజులన్నీ టీఆర్ గడువులోంచే తరిగిపోతాయి. ముహూర్తం తప్పని నేను అనను. ముహూర్తానికి పది రోజుల ముందే డబ్బు కట్టి కాగితాలు ఇచ్చేస్తే, పూజ రోజుకు నంబరు చేతికి వచ్చే అవకాశం చాలా ఉంది. పూజ చేసిన రోజే నడపాలని కూడా ఎక్కడా లేదు.

ఇక ప్లేటు దగ్గరికొద్దాం. ఇది ఆలస్యం కావడానికి కారణం దాని తయారీలోనే ఉంది. ఇప్పుడు వేసేది హై సెక్యూరిటీ ప్లేటు. నియమాల్లోకి 2001లోనే వచ్చింది. రాష్ట్రాల్లో అమలు మాత్రం ఏళ్ల తరబడి నలిగింది, సుప్రీంకోర్టు పదేపదే చెప్పాల్సి వచ్చింది. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకు ప్లేటు ఇచ్చే బాధ్యత తయారీదారు మీదే పడింది, అది డీలరు ద్వారా మనకు చేరుతుంది. దీన్ని ముందే చేసి పెట్టుకోవడం కుదరదు. నంబరు కేటాయించాకే ఆ నంబరును అల్యూమినియం రేకు మీద ఉబ్బెత్తుగా ఒత్తాలి.

ప్లేటు చేతికి వచ్చినప్పుడు ఒకసారి దగ్గరగా పట్టుకుని చూడండి. ఎడమ పక్క పైన మెరిసే అశోక చక్రం హోలోగ్రాం ఉంటుంది, 20 మిల్లీమీటర్ల చదరం. దాని కింద నీలి రంగులో దేశం పేరు మూడక్షరాలు. అడుగున లేజరుతో చెక్కిన సంఖ్య ఒకటి కనపడుతుంది, ఒక్కో ప్లేటుకు ఒక్కోటి. నల్లటి అంకెల మీద వేలు పెట్టి వెలుగుకు ఏటవాలుగా తిప్పితే, వాటి పూతలోనే దేశం పేరు వాలుగా అచ్చై ఉండటం తెలుస్తుంది. బైకు వెనక ప్లేటు 200 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. ముందుది సన్నగా 285కి 45. అక్షరాల ఎత్తుకు కూడా లెక్కుంది. వెనక అక్షరాలు 35 మిల్లీమీటర్లు, అంకెలు 40. ఇష్టమొచ్చిన ఫాంటుతో, దేవుడి బొమ్మతో, ఇంటి పేరుతో బజార్లో కొట్టించిన ప్లేటు దీనికి బదులు కాదు. వెనక ప్లేటును స్నాప్ లాకుతో బిగిస్తారు, పగలగొడితే తప్ప ఊడదు. దొంగ బండికి ఇంకో నంబరు తగిలించడం కష్టం కావాలన్నదే దీని ఉద్దేశం. అందుకే ప్లేటును కొరియర్‌లో తెప్పించుకుని ఇంట్లో స్క్రూడ్రైవరుతో బిగించుకునే వీలు లేదు, బండి తీసుకుని వెళ్లాల్సిందే.

నంబరు వచ్చింది, ఆన్‌లైన్‌లో ఆర్సీ కనపడుతోంది, ప్లేటు మాత్రం ఇంకా రాలేదు. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. ఈ దశలో 39వ సెక్షన్‌లో సగం తీరింది, సగం తీరలేదు. బండి రిజిస్టర్ అయింది కాబట్టి పైన చెప్పిన కేసుల్లాంటి పరిస్థితి కాదు. ప్లేటు లేదు కాబట్టి పోలీసులు ఆపి చలానా రాస్తే కాదనడానికీ లేదు. నన్నడిగితే ఆ కొద్ది రోజులు బండిని ఇంట్లోనే ఉంచమంటాను. అంతకీ తప్పనిసరైతే, నంబరు కేటాయించిన కాగితం, ప్లేటుకు డబ్బు కట్టిన రసీదు దగ్గర పెట్టుకోండి. అవి తప్పును చెరిపేయవు. దాచడానికి ఏమీ లేదని మాత్రం చూపిస్తాయి. కార్డు ఇంకా రాలేదన్న దిగులు వద్దు, ఫోనులో డిజీలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో ఉన్న ఆర్సీ చెల్లుతుంది.

బీరువాలో పెట్టే ముందు ఆ ఫైలు ఒక్కసారి తెరవండి. అమ్మకపు ధ్రువపత్రం ఫారం 21, బండి రోడ్డుకు తగినదని తయారీదారు ఇచ్చేది ఫారం 22, రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం 20. వీటితో పాటు టీఆర్, ఇన్సూరెన్సు. అన్నిట్లోనూ ఛాసిస్ నంబరు ఒకటే ఉండాలి. హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ భాగంలో ఆ నంబరు పంచ్ చేసి ఉంటుంది. ఫోను లైటు వేసి, 17 అక్షరాలూ ఒక్కొక్కటిగా కాగితంతో సరిచూడండి. అందులో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ పొరపాటు పడతారని. కాబట్టి గుండ్రంగా కనపడేది సున్నానే. కాగితం మీద ఓ అని టైపు చేసి ఉంటే అక్కడే దిద్దించండి. షోరూము కౌంటరు దగ్గర అయిదు నిమిషాల్లో అయ్యే దిద్దుబాటు, తర్వాత ఆఫీసు మెట్లెక్కితే రోజులు తింటుంది. ఆ పనయ్యాక టీఆర్ ముగిసే తేదీకి వారం ముందు ఫోనులో అలారం పెట్టుకోండి. ఆ రోజు షోరూముకు ఫోను చేసి "ప్లేటు వచ్చిందా" అని అడగొద్దు, "నంబరు అలాట్ అయిందా" అని అడగండి. రెండు ప్రశ్నలకూ చాలా తేడా ఉంది. మొదటిదానికి "వస్తుంది సార్" అన్న జవాబు సరిపోతుంది, రెండోదానికి నంబరు చెప్పాల్సిందే.

హైదరాబాద్‌లో కొని విజయవాడకు తీసుకెళ్లేవాళ్లకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పక్క రాష్ట్రంలో రిజిస్టర్ చేయించుకునే బండికి, డీలరే అంతా చూసుకుంటాడన్న ఏర్పాటు వర్తించదు. టీఆర్ మీద బండిని సొంత రాష్ట్రానికి చేర్చి, లైఫ్ ట్యాక్సు కట్టి, పర్మనెంట్ నంబరు తెచ్చుకోవడం కొన్నవాళ్ల పని. రాజస్థాన్ ఆయన కథ మొదలైంది సరిగ్గా ఈ ఖాళీలోనే. డబ్బు కొద్దిగా ఆదా అవుతుందని పక్క రాష్ట్రంలో కొనేవాళ్లు ఈ తిరుగుడును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఎలక్ట్రిక్ స్కూటర్ల విషయంలో ఒక మాట. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రమే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకు మించిన ప్రతి స్కూటరుకూ టీఆర్, పర్మనెంట్ నంబరు, ప్లేటు అన్నీ కావాలి. సొంత వాడకానికైతే ఆ ప్లేటు ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలతో ఉంటుంది. "దీనికి నంబరు అక్కర్లేదు సార్" అని ఎవరైనా అమ్మజూపితే, ఆ రెండు అంకెలూ కాగితం మీద చూపించమనండి.

ప్లేటు వచ్చిందన్న మెసేజ్ చూసి బండి తీసుకెళ్తాం, కుర్రాడు పది నిమిషాల్లో ముందూ వెనకా బిగించేస్తాడు, టీఆర్ పసుపు పలక పీకి పక్కన పడేస్తాడు. అక్కడితో పనైపోయిందనుకుని వచ్చేస్తారు చాలామంది. ఇంకొకటి మిగిలే ఉంటుంది. ఇన్సూరెన్సు పాలసీ రాసిన రోజున బండికి నంబరు లేదు, అందుకే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాల్సిన గడిలో "న్యూ" అనే ఉండి ఉంటుంది. కొత్త బైకుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒకేసారి అయిదేళ్లకు తీసుకుంటాం కాబట్టి, ఆ గడిని మనం తెరిచి చూడకపోతే అది ఏళ్లపాటు అలాగే ఉండిపోతుంది. ప్లేటు బిగించిన రోజే ఆర్సీ కాపీ ఇన్సూరెన్సు కంపెనీకి పంపి, ఆ గడిలో అసలు నంబరు ఎక్కించిన కాగితం తెప్పించుకోండి.